మస్టర్‌లో లేని ఊపిరి

ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు చెబితే ఇంటిల్లిపాదీ దిగులుపడే సందర్భం ఒకటి సింగరేణిలో ఉంది. యాభై దాటిన బొగ్గుబాయి కార్మికుడు మెడికల్ బోర్డు కోసం కొత్తగూడెం పోతాడు. బోర్డు అతన్ని అన్‌ఫిట్ చేస్తే కొడుక్కి కొలువు దొరుకుతుంది. ఫిట్ అని రాస్తే మళ్లీ అదే బాయి, అదే షిఫ్టు; ఇంట్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు అలాగే ఉంటాడు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి కాలనీల్లో ఈ ఎదురుచూపు తెలియని క్వార్టర్ ఉండదు. బోర్డు చుట్టూ దళారులు చేరారని, డబ్బు చేతులు మారుతోందని పత్రికల్లో వార్తలు వస్తుంటాయి. వాటి సంగతి పోలీసులు, కోర్టులు చూసుకోవాలి. నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న వేరే. తండ్రి కొడుక్కి రాసివ్వగల ఆస్తి తన రోగం ఒక్కటే అయినప్పుడు, ఆ చోట ఆరోగ్యం అనే మాటకు అర్థమేమిటి?

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. తండ్రి తర్వాత కొడుకు బాయి దిగడం ఒకప్పుడు ఇక్కడ మామూలే. 1990ల చివరికి ఆ పద్ధతి ఆగిపోయింది. వారసత్వ ఉద్యోగాలు తిరిగి తెస్తామన్నది తెలంగాణ ఉద్యమ కాలపు పెద్ద హామీల్లో ఒకటి. 2016 చివర్లో పథకం వచ్చింది, 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వరంగంలో కొలువు తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే సొత్తు కాదని, అందరికీ సమాన అవకాశమన్న రాజ్యాంగ సూత్రానికి అది విరుద్ధమని తేల్చింది. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును మార్చలేదు. 2018లో ఆ కోరికే కారుణ్య నియామకంగా తిరిగొచ్చింది. జబ్బుపడి పని చేయలేని స్థితికి వచ్చిన కార్మికుడి వారసుడికి ఉద్యోగం ఇవ్వవచ్చు, ఆరోగ్యంగా ఉన్నవాడి వారసుడికి ఇవ్వకూడదు. న్యాయం తన దారిన తాను సరిగ్గానే నడిచింది. కరుణ కూడా అంతే. ఆ రెండు దారులూ కలిసిన కూడలిలో నిలబడ్డ మనిషికి మాత్రం ఒకే ద్వారం మిగిలింది, అది అతని శరీరం చెడిపోయిన చోట తెరుచుకుంటుంది.

జబ్బును కోరుకుంటున్నాడని ఆ తండ్రిని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. నేను పట్టలేను. అతను లెక్క వేసిన తీరు చూడండి. సింగరేణి కొలువంటే నెల జీతం ఒక్కటే కాదు. క్వార్టర్ వస్తుంది, నల్లా నీళ్లు వస్తాయి, కరెంటు పోదు. రామకృష్ణాపూర్‌లోనో గోదావరిఖనిలోనో ఏరియా హాస్పిటల్ ఉంటుంది. అక్కడ నయం కాకపోతే హైదరాబాద్‌కు రెఫర్ రాస్తారు. భార్య కాన్పు, తల్లి కంటి ఆపరేషన్, బిడ్డ జ్వరం, అన్నీ ఆ ఒక్క కార్డు మీద నడుస్తాయి. అంటే ఆ ఉద్యోగం ఇంటిల్లిపాదికీ ఆరోగ్యాన్ని తెస్తుంది, ఒక్కడి ఊపిరితిత్తులను తీసుకుంటుంది. ఇంట్లో ఐదుగురి క్షేమానికి ఒకడి ఛాతీ. తెలివితక్కువ మనిషి వేసే లెక్క కాదది. ప్రేమ ఉన్న మనిషి వేసే లెక్క. తప్పు ఎక్కడైనా ఉంటే, అటువంటి లెక్క తప్ప మరొకటి వేసుకోనివ్వని ఏర్పాటులో ఉంది.

అందుకే ఈ ప్రాంతంలో ప్రజారోగ్యం గురించి మాట్లాడేటప్పుడు, గనులు చెడ్డవి కాబట్టి మూసేయండి అనే వాదం నా నోట రాదు. బాయిలు మూతపడ్డాక బెల్లంపల్లి ఎలా వెలవెలబోయిందో అక్కడివాళ్లు చెబుతారు. 1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చిల్లర. తగ్గిన ప్రతి కొలువుతో పాటు ఒక ఇంటి పాలు, పండ్లు, బడి ఫీజు, డాక్టరు దగ్గరికి సమయానికి వెళ్లే ధైర్యం కూడా తగ్గాయి. ఈ నేల మీద తరాల తరబడి జనాన్ని బతికించిన మందు నెలాఖరున వచ్చే జీతమే. ఆ మాట ఒప్పుకోకుండా దుమ్ము గురించి మాట్లాడేవాళ్లను బొగ్గుబాయి జనం నమ్మరు, నమ్మకపోవడమే సరైనది.

ఇక దుమ్ము సంగతి. బొగ్గు పొరను కోసినప్పుడు, రాయికి డ్రిల్లు పెట్టినప్పుడు, బ్లాస్టింగ్ చేసినప్పుడు లేచే ధూళిలో కంటికి కనబడేది పెద్దగా ప్రమాదం చేయదు. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, నల్లటి కఫమై బయటికొస్తుంది. ఐదు మైక్రాన్ల లోపు రేణువులు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనివి, ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదుల దాకా పోతాయి. వాటిని మింగి పారేయడానికి శరీరంలోని కాపలా కణాలు వస్తాయి. బొగ్గుతో అవి కొంతవరకు నెగ్గుకొస్తాయి. రాతి దుమ్ములోని సిలికాను మింగిన కణం మాత్రం తానే చచ్చిపోతుంది. చచ్చిన చోట మచ్చ కడుతుంది. మచ్చల పక్కన మచ్చలు చేరి, మెత్తటి స్పంజిలాంటి ఊపిరితిత్తి గట్టిబడుతుంది. దీన్ని మళ్లీ మెత్తబరిచే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. దుమ్ములోంచి బయటికి వచ్చేశాక కూడా కొందరిలో మచ్చ పెరుగుతూనే పోతుంది. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుంది. ఈ జబ్బునే టీబీ అనుకుని మందులు వాడుతూ ఏళ్లు గడిపేవాళ్లూ ఉంటారు.

ఇదంతా పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టే పని. అందుకే దీనికి వార్త అయ్యే గుణం లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ తేదీ ఆ ఊరికి గుర్తుంది. విచారణలు జరిగాయి, నివేదికలు వచ్చాయి. అలా గుర్తుండాల్సిందే. మరి దగ్గుతో, ఆయాసంతో, రాత్రిళ్లు పడుకోలేక మంచం మీద కూర్చునే తెల్లవార్చి, రిటైరైన ఆరేడేళ్లకు సొంతూళ్లో కన్నుమూసిన మనిషి చావుకు తేదీ ఏది? అతను బాయిలో చనిపోయాడా, ఊళ్లో చనిపోయాడా? మరణ ధ్రువపత్రంలో గుండె ఆగిందని రాస్తారు. గుండె ఎవరికైనా ఆగుతుంది. ఒక్క రోజున పదిహేడు మంది పోతే మనసు కదులుతుంది, పదిహేడేళ్లలో ఎంతమంది ఊపిరాడక పోయారో లెక్క తెలియకపోతే నిద్ర పడుతుంది. మన నైతిక స్పందన క్యాలెండర్ మీద ఆధారపడి ఉండటం ఎంతవరకు సబబు?

చట్టం ఈ జబ్బును మరిచిపోలేదు. 1952 గనుల చట్టం కింద న్యూమోకోనియోసిస్‌ను, అంటే దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును, తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చారు. 1955 నియమాల ప్రకారం గని పనిలో చేరేటప్పుడు వైద్యపరీక్ష, ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉండాలి. గనిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టర్ తెచ్చిన మనిషికి కూడా, ఇది వర్తిస్తుంది. కాగితం మీద ఇంతకంటే కోరాల్సింది పెద్దగా లేదు.

కానీ గని మారిపోయింది. తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల కాలంలో దుమ్ము భూమి లోపల ఉండేది, మింగేది కంపెనీ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరున్న కార్మికుడే. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. ఇందారం, శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్, మేడిపల్లి, పేర్లు చెబుతూ పోతే గోదావరికి రెండు పక్కలా భూమి పైకప్పు తీసి పక్కన పెట్టినట్టు గుట్టలు కనిపిస్తాయి. ఆ ఓబీ గుట్టల్లో, అంటే బొగ్గు మీదినుంచి తీసిపోసిన మట్టి, రాళ్ల గుట్టల్లో, ఉన్నది ప్రధానంగా ఇసుకరాయి. గోదావరి లోయలో బొగ్గు పొరల మీద పరుచుకుని ఉన్నది అదే. ఇసుకరాయి అంటే సిలికా. దాన్ని డ్రిల్లు చేసి, పేల్చి, ఎత్తి, టిప్పర్లలో పోసి గుట్ట మీద కుమ్మరించే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. కాబట్టి ఇవాళ బొగ్గు కంటే చెడ్డ దుమ్ము ఎక్కువగా ఎవరి వంతు? డ్రిల్లు దగ్గర హెల్పరుగా నిలబడ్డ కుర్రాడిది, టిప్పర్ డ్రైవర్‌ది, రోడ్డు మీద నీళ్లు చల్లే ట్యాంకర్ వెనకాల నడిచే మనిషిది. వాళ్లు ఈ సైట్‌లో ఏడాది, ఆ సైట్‌లో ఆరు నెలలు పనిచేస్తారు. కొందరు బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చి తిరిగిపోతారు. వాళ్ల ఊపిరితిత్తుల చరిత్ర ఎవరి బీరువాలో ఉంటుంది? పదిహేనేళ్ల తర్వాత ఎక్కడో పాలమూ జిల్లాలో ఆయాసం మొదలైతే ఆ డాక్టరుకు ఇందారం పేరు ఎవరు చెబుతారు? కారుణ్య నియామకం అతని కొడుక్కి వర్తించదు. అతనికి రోగాన్ని కూడా రాసిచ్చే హక్కు లేదు.

గని అంచున ఉన్న పల్లెల సంగతి ఇంకోటి. బ్లాస్టింగ్‌కు గోడలు బీటలు వారాయని, బావులు, బోర్లు అడుగంటాయని, చేలల్లో పత్తి మీద దుమ్ము పేరుకుంటోందని వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మే నెలలో మంచిర్యాల, రామగుండం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. జైపూర్‌లో సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, అవతలి ఒడ్డున ఎన్టీపీసీ, మధ్యలో బూడిద, బొగ్గు లారీలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి మంచిర్యాల జిల్లాలో ఉన్నది ఎనిమిది లక్షల మంది. సింగరేణి ఉద్యోగులు అన్ని జిల్లాల్లో కలిపి నలభై వేలు. వాళ్ల కుటుంబాలను కలుపుకున్నా, ఈ గాలి పీల్చేవాళ్లలో అత్యధికులు ఏ మస్టర్‌లోనూ లేరు.

ఇక్కడే నాకు వేల్స్ బొగ్గులోయ గుర్తొస్తుంది. 1950ల మొదట్లో ఆర్చీ కాక్రన్ అనే డాక్టరు రోండా ఫాక్ అనే లోయలో ఒక మొండి పని పెట్టుకున్నాడు. గని కార్మికులకే కాకుండా ఆ లోయలో ఉన్న పెద్దవాళ్లందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయాలనుకున్నాడు. గనిలో పనిచేసేవాళ్లు, మానేసినవాళ్లు, గని మొహం చూడనివాళ్లు, ఆడవాళ్లు, దుకాణదారులు, అందరికీ. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నారు. రానంటే మళ్లీ వెళ్లారు, నడవలేని వాళ్లను బండ్లలో తీసుకొచ్చారు. దాదాపు తొంభై శాతం మందిని పరీక్షించగలిగారు. బొగ్గు దుమ్ముకు క్షయ తోడైతేనే ఊపిరితిత్తుల్లో పెద్ద మచ్చలు కడతాయన్నది ఆయన అనుమానం. లోయలో అంటించే క్షయ రోగులందరినీ గుర్తించి వేరుచేసి, పక్కనున్న అబర్డేర్ లోయతో పోల్చి చూడాలనుకున్నాడు. ఆ అనుమానం రుజువు కాలేదు. కానీ ఆ పేర్ల జాబితా మిగిలింది. ఆ మనుషులనే ఇరవై ఏళ్ల తర్వాత, ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని, ఎవరు బతికారు, ఎవరు ఎందుకు పోయారు అని చూడగలిగారు. ఒక సిద్ధాంతం ఓడిపోయినా ఒక జనసమూహం లెక్కలోకి వచ్చింది.

కాక్రన్ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది గని గేటు దగ్గర ఆగిపోకపోవడం. కార్మికుణ్ణి ఎక్స్‌రే తీస్తే అతని జబ్బు తెలుస్తుంది. అతని పక్కింటి టీచరమ్మను కూడా తీస్తేనే ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా చూడకుండా రోగం కారణం చెప్పలేం. ఒక ప్రాంత ప్రజల ఆరోగ్యం గురించి మనకు తెలిసిన శాస్త్రమంతా ఈ చిన్న విషయం మీద నిలబడింది. మన దగ్గర రికార్డు ఉన్నది ఉద్యోగికి. అది కూడా అతను పనికి పనికొస్తాడా లేదా అని తేల్చడానికి. మనిషి ఎలా ఉన్నాడని అడగడానికీ, పనికి పనికొస్తాడా అని అడగడానికీ మధ్య ఎంత దూరముందో ఆ బోర్డు ముందు నిలబడ్డవాడికి తెలుసు.

ఆ వేల్స్‌లోనే ట్రెడెగార్ అనే మరో బొగ్గు ఊరుంది. అక్కడి కార్మికులు తమ జీతాల్లోంచి కొంత చందా వేసుకుని వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. డాక్టర్లను వాళ్లే నియమించుకున్నారు, ఆస్పత్రి నడిపారు. రానురాను ఊళ్లో గనితో సంబంధం లేనివాళ్లు కూడా అందులో చేరి, దాదాపు ఊరంతా దాని నీడలోకి వచ్చింది. అన్యూరిన్ బెవాన్ ఆ ఊరివాడు. పదమూడేళ్లకే గనిలో చేరాడు. అతని తండ్రి గని దుమ్ము జబ్బుతోనే పోయాడు. ఆ బెవాన్ ఆరోగ్య మంత్రి అయ్యాక 1948 జూలై 5న బ్రిటన్‌లో ప్రతి పౌరుడికీ ఉచిత వైద్యం ఇచ్చే జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. తన ఊళ్లో ఉన్నదాన్నే దేశమంతటికీ విస్తరిస్తున్నానని ఆయన అనుకున్నాడు. బొగ్గు కార్మికుల ఆస్పత్రి దేశం ఆస్పత్రికి నమూనా అయింది.

మన బొగ్గు ఊళ్ల ఆస్పత్రి ఎందుకు అలా విస్తరించలేదు? సింగరేణి వయసు తక్కువేం కాదు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని విలియం కింగ్ గుర్తించింది 1871లో. అప్పటి నుంచి బ్రిటిష్ కంపెనీ, నిజాం ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం చేతులు మారింది. ఇప్పుడు దాని యాజమాన్యంలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే నూటికి నూరుపాళ్లు ప్రజలది. ప్రజలది అయిన సంస్థ ఆస్పత్రి ప్రజల్లో కొందరిదే ఎందుకయింది? కార్మిక సంఘాలను అడిగితే ఉన్న సౌకర్యాలే పలచబడిపోతున్నాయని, డాక్టర్ల పోస్టులు నింపమని తామే కొట్లాడుతున్నామని అంటారు. అది నిజమైన భయం. చాలీచాలని గిన్నె చుట్టూ ఇంకొందరిని కూర్చోబెడితే ఎవరి కడుపూ నిండదు. కానీ ట్రెడెగార్ కార్మికులు కూడా ధనవంతులు కాదు. పంచుకుంటే తగ్గుతుందన్న భయాన్ని వాళ్లు ఎలా దాటారన్నది మన సంఘాలు చదవాల్సిన చరిత్ర. సమ్మెల చరిత్రంత ముఖ్యమైనది.

విడివిడిగా బాగుపడటం ఆరోగ్యం విషయంలో ఎంతవరకు సాధ్యమన్నది డెంగీ అడిగిన ప్రశ్న. 2019 అక్టోబరులో మంచిర్యాల పట్టణంలో ఒకే కుటుంబంలో నలుగురు కొద్దిరోజుల తేడాలో డెంగీతో చనిపోయారు. రాష్ట్రమంతా ఆ వార్త చదివి నిర్ఘాంతపోయింది. ఆ సీజన్‌లో డెంగీ విషయంలో రాష్ట్ర హైకోర్టు ప్రభుత్వాన్ని తీవ్రంగా నిలదీసింది. వైద్యానికి డబ్బు లేక పోయిన ప్రాణాలు కావవి. ఆస్పత్రులున్న పట్టణమే అది. వీధికో బోర్డు కనిపిస్తుంది. మంచిర్యాల చుట్టుపక్కల జిల్లాల వాళ్లే కాదు, ప్రాణహిత దాటి మహారాష్ట్ర వాళ్లు కూడా వైద్యానికి ఇక్కడికే వస్తారు. ఇన్ని ఆస్పత్రులుండీ ఒక దోమను ఆపలేకపోయాం. ఎందుకంటే దోమ ఆస్పత్రి పని కాదు.

డెంగీ దోమ మురుగులో పుట్టదు, శుభ్రమైన నిలవ నీటిలో పుడుతుంది. డ్రమ్ములో, కూలరులో, మేడ మీద పడేసిన టైరులో. పుట్టిన చోటు నుంచి రెండు మూడు వందల మీటర్లకు మించి పోవడం అరుదు. పగలే కుడుతుంది. దాని గుడ్లు ఎండిన డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఈ వివరాలన్నీ ఏటా వానాకాలంలో ప్రచారం చేస్తారు. వారానికోసారి డ్రమ్ములు కడగమంటారు, కడగనివాళ్లను మందలిస్తారు. చెప్పేది నిజమే. కానీ ఇంట్లో డ్రమ్ము ఎందుకుంది? రెండు రోజులకోసారి నల్లా వస్తే ఏ ఇల్లాలైనా నీళ్లు పట్టి పెట్టుకుంటుంది. నిండిన డ్రమ్మును వారం తిరగకుండానే పారబోయమంటే, మోసి తెచ్చుకున్న చెయ్యి ఎలా పారబోస్తుంది? క్వార్టర్లో నీళ్లు రోజూ వచ్చి పక్క బస్తీలో రాకపోతే, బస్తీ డ్రమ్ములో పుట్టిన దోమ క్వార్టర్ గోడ దగ్గర గుర్తింపు కార్డు అడగదు. ప్రజల అలవాట్లను తప్పుపట్టే ముందు ఆ అలవాటు ఏ కొరతలోంచి పుట్టిందో అడగడం మర్యాద. మర్యాద మాత్రమే కాదు, దోమను ఆపే దారి కూడా అదే.

ఈ మాట కొత్తది కాదు. 1848లో ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్షో అనే యువ డాక్టరును ఎగువ సైలీషియాకు పంపింది. అక్కడ టైఫస్ జ్వరంతో వేలమంది పోతున్నారు. సైలీషియా కూడా బొగ్గు నేలే. ఏ మందు వాడాలో రాసుకొస్తాడనుకుంటే, ఆయన ఆ జనానికి చదువు, స్వేచ్ఛ, కడుపునిండా తిండి, తమ భాషలో పాలన కావాలని రాసి ఇచ్చాడు. ప్రభుత్వానికి నచ్చలేదు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు రాసిన ఆ చీటీ పాతబడిందేమో అని నేను ఎన్నోసార్లు వెతికి చూశాను. అందులో పాతబడ్డ మాట ఒక్కటీ దొరకలేదు.

గోదావరి ఒడ్డున మంచిర్యాలలో మాతా శిశు ఆరోగ్య కేంద్రం కట్టారు. 2022 జూలై వరదల్లో నీళ్లు ఆ ఆస్పత్రిని చుట్టుముట్టి లోపలికి వచ్చాయి. బాలింతలను, పురిటి బిడ్డలను హడావిడిగా మరోచోటికి తరలించారు. నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టల వెనుక నిలిచే నీళ్ల గురించి, రాళ్లవాగు ఎటు పొంగుతుందన్న దాని గురించి ఆ ఒడ్డున నివసించే వాళ్లకు తెలియని విషయం లేదు. స్థలం ఎంపిక చేసేటప్పుడు వాళ్లలో ఒక ముసలామెను పిలిచి ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగి ఉంటే? ప్రజల ఆరోగ్యం కోసం చేసే పనుల్లో ప్రజలను అడగడం చివరి అంశంగా మిగిలిపోతోంది. డబ్బు ఖర్చవుతుంది, మంచి ఉద్దేశం కూడా ఉంటుంది, మాట మాత్రం అవతలి నుంచి రాదు.

వేల్స్‌లోనే గ్లిన్‌కోరుగ్ అనే గని పల్లెలో డాక్టరుగా దశాబ్దాలు గడిపిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని, వైద్యం బజారు సరుకయ్యే కొద్దీ ఈ వంకర పెరుగుతుందని అందులో వాదించాడు. మన దగ్గర దీనికి రెండో ముఖం కూడా ఉంది. అవసరం లేనిచోట అతిగా అందుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. అదే రాష్ట్రంలో టిప్పర్ హెల్పరు ఛాతీకి ఒక ఎక్స్‌రే దొరకదు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఎన్నో ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ అది జబ్బు ముదిరాక తెరుచుకునే తలుపు. మచ్చ కట్టిన ఊపిరితిత్తికి ఆపరేషన్ లేదు. దుమ్ము లేవకుండా డ్రిల్లు దగ్గర నీళ్లు పట్టే గొట్టానికి ఏ ఆరోగ్య కార్డూ డబ్బు కట్టదు.

డబ్బు లేదా అంటే ఉంది. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టించారు. గని తవ్వేవాళ్లు రాయల్టీకి అదనంగా అందులో జమ చేయాలి. పాత లీజులకైతే రాయల్టీలో 30 శాతం. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం, చదువు లాంటి వాటికి ఖర్చుపెట్టాలని కేంద్రం అప్పుడే మార్గదర్శకాలు ఇచ్చింది. గని వల్ల దెబ్బతిన్న మనుషుల పేరు మీద, వాళ్లు ఉద్యోగులా కాదా అని చూడకుండా, వచ్చే డబ్బు ఇది. మస్టర్‌ను దాటిన మొదటి చట్టం ఇదేనని నాకనిపిస్తుంది. అది రోడ్లకు, ప్రహరీ గోడలకు పోకుండా ఊపిరికి చేరాలంటే ఆ ఊపిరి ఎవరిదో పేర్లతో సహా తెలియాలి. పేర్లు లేని బాధకు బడ్జెట్ రాదు.

పేర్లు రాసే చేతులు కూడా ఇప్పుడు ఉన్నాయి. 2022 నవంబరులో మంచిర్యాలలో, రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒకే రోజున మొదలయ్యాయి. జాతీయ వైద్య కమిషన్ అదే ఏడాది నుంచి ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని చదువు సాగినంతకాలం వాళ్ల ఆరోగ్యాన్ని చూస్తూ ఉండాలన్న పద్ధతి తెచ్చింది. వంద మంది విద్యార్థులు తలా ఐదు ఇళ్లు తీసుకున్నా ఏడాదికి ఐదు వందల ఇళ్లు. ఇందారం చుట్టూ, శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్ అంచున, నస్పూర్ బస్తీల్లో, జైపూర్ విద్యుత్ కేంద్రం గాలివాటాన ఉన్న పల్లెల్లో ఆ ఇళ్లను ఎంచుకుంటే, నాలుగైదేళ్లలో కాక్రన్ జాబితా లాంటిది ఒకటి తెలుగులో తయారవుతుంది. గని ఉద్యోగి, కాంట్రాక్టు డ్రైవరు, పత్తి కూలీ, అంగన్‌వాడీ టీచరు పక్కపక్క వరుసల్లో.

ఇక్కడ నాకు ఒక సందేహం ఉంది, దాన్ని దాచుకోలేను. ఒక విద్యార్థిని అలా ఒక టిప్పర్ డ్రైవర్ ఇంటికి వెళ్లిందనుకుందాం. ఎక్స్‌రేలో చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. అతనికి ముప్పై ఐదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఈఎంఐ మీద కొన్న బండి. చెబితే కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటాడు. చెప్పకపోతే మచ్చ పెరుగుతుంది. అతనే ఆమె చేతులు పట్టుకుని, బిడ్డా, ఈ కాగితం ఎవరికీ చూపించకు అని అడిగితే ఆమె ఏం చేయాలి? తన శరీరం గురించిన నిజం తనకే ప్రమాదమైనప్పుడు, ఆ నిజాన్ని బయటపెట్టే హక్కు ఎవరిది? పర్మినెంట్ కార్మికుడు జబ్బును కోరుకుంటున్నాడు, కాంట్రాక్టు కార్మికుడు జబ్బును దాచుకుంటున్నాడు. ఇద్దరిలో ఎవరికీ డాక్టరు ముందు ఉన్నదున్నట్టు దగ్గే స్వేచ్ఛ లేదు. కాబట్టి మచ్చ కనిపించినవాడికి జీతం తగ్గకుండా దుమ్ము లేని పని ఇవ్వాలన్న నియమం, ఎవరి సైట్‌లో ఎన్నేళ్లు పనిచేసినా పరిహారం ఆ జిల్లా నిధి నుంచే రావాలన్న నియమం, ఎక్స్‌రే యంత్రం కొనకముందే రాసిపెట్టాలి. జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు కలెక్టరు ఉన్నారు, సింగరేణికి బోర్డు ఉంది, కళాశాలకు ప్రిన్సిపాల్ ఉన్నారు, సంఘాలకు ఏరియా కమిటీలున్నాయి. వాళ్లు నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ రెండు నియమాలు రాయడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని ఉందా?